రెండు ఊళ్లలోనూ దక్కని వాటా

వలస వచ్చినవారికి సంక్షేమ పథకాలు ఇస్తే స్థానికుల కంచంలో కూడు తగ్గుతుందన్న అభిప్రాయం చాలా దేశాల్లో, చాలా ఊళ్లలో బలంగా ఉంది. అమెరికాలో ఆ మాట మెక్సికో నుంచి వచ్చినవారి మీద అంటారు. ఐరోపాలో సిరియా, ఆఫ్ఘనిస్తాన్ శరణార్థుల మీద అంటారు. అనకాపల్లి, విశాఖ పరిసరాల్లో ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల మీద, ఫార్మా కంపెనీల్లో చేరిన బిహార్, జార్ఖండ్ కుర్రాళ్ల మీద అంటారు. తెలంగాణ ఏర్పడిన కొత్తలో హైదరాబాదులో అదే మాట ఉత్తరాంధ్ర మనిషి మీద పడింది. ఈ చివరి సంగతి వల్లనే మాడుగుల లాంటి ప్రాంతానికి ఈ చర్చలో ఒక ప్రత్యేకత వచ్చింది. అక్కడివారు ఈ మాట అన్నవారూ, పడ్డవారూ కూడా.

ఆ అభిప్రాయాన్ని దాని పక్షంవారు చెప్పే తీరులోనే ముందు చెప్పుకోవాలి. జనం పథకాల కోసమే వలస వస్తారు, ఇస్తే ఇంకా వస్తారు. ప్రభుత్వం దగ్గర ఉన్నది ఇంతే, కొత్త చెయ్యి చాచితే పాత చేతికి తగ్గుతుంది. వచ్చినవాడు సొంతూళ్లో ఒక కార్డు, ఇక్కడ ఒక కార్డు పెట్టుకుని రెండు చోట్లా తింటాడు. పన్ను కట్టేది మనం, అనుభవించేది వాళ్లు. ఇవి నాలుగు మాటలుగా వినిపించినా వీటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే: వలసదారుకు తన వాటాను మించి దక్కుతోందని. జరుగుతున్నది దీనికి తలకిందులు. వలసదారు తన వాటాను బయల్దేరిన ఊళ్లో వదిలేస్తాడు, చేరిన ఊళ్లో అది అతనికి అందదు.

మాడుగుల 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ రోజున అనకాపల్లి జిల్లాలో చేరిన మండల కేంద్రం. తూర్పు కనుమల అంచున, పాడేరు ఘాటీకి దిగువన ఉంటుంది. బయటివారికి అది హల్వా ఊరు. (ఆ హల్వాకు మాత్రం ఏ రాష్ట్రంలోనూ స్థానికత ధ్రువపత్రం అడగరు.) చోడవరం, మాడుగుల ప్రాంతం తరాలుగా వరి మీద, చెరకు మీద, బెల్లం మీద బతికింది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ చక్కెర ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. గోవాడ ఫ్యాక్టరీ బకాయిల్లో కూరుకుపోయింది. చెరకు తోటలు తగ్గినకొద్దీ వాటిని నమ్ముకున్న కూలీ గాజువాకకో, హైదరాబాదుకో, బెంగళూరుకో బయల్దేరాడు. హైదరాబాదులో సెంట్రింగ్ పనుల్లోనూ అపార్ట్‌మెంట్ల కాపలాలోనూ ఉత్తరాంధ్ర యాస వినిపించని పేట అరుదు. అదే కాలంలో ఈ జిల్లా బట్టీలకు, ఫ్యాక్టరీలకు ఒడిశా నుంచి, ఉత్తరాది నుంచి మనుషులు వచ్చారు. మనుషులు వెళ్లే తోవా ఇదే, వచ్చే తోవా ఇదే.

వలస అంటే ఎవరిది అన్నది కూడా తేల్చుకోవాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో 45 కోట్లకు పైగా మనుషులు తాము అంతకుముందు ఉన్న ఊళ్లో లేరు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్లు కదలడానికి ముఖ్య కారణం పెళ్లి. కోడలిగా వచ్చిన పిల్ల పేరు పుట్టింటి కార్డులో తీసి అత్తింటి కార్డులో ఎక్కించడం గ్రామ సచివాలయాలకు నిత్యకృత్యం. తిరగడం ఉంటుంది, జాప్యం ఉంటుంది, కాని ఆ పిల్ల మన ఊరి బియ్యం తినేస్తోందని అత్తవారి ఊళ్లో ఎవరూ అనరు. హక్కు మనిషి వెంట నడుస్తుందని అక్కడ అందరూ ఒప్పుకున్నట్టే. పెళ్లికి బదులు పని కోసం కదిలిన మనిషి విషయంలోనే ఆ ఒప్పుదల మాయమవుతుంది.

బియ్యం లెక్కతో మొదలుపెట్టడం మంచిది. తగువంతా అక్కడే మొదలవుతుంది కనుక. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు సబ్సిడీ ధాన్యానికి అర్హులన్నది. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. ఏ రాష్ట్రానికి ఎందరి ధాన్యం అన్నది 2011 జనగణన మీద కట్టారు. కనుక ఒడిశాలోని నువాపడా నుంచి వచ్చిన, కార్డు ఉన్న కూలీ తాలూకు 5 కిలోలు కేంద్రం లెక్కలో ఒడిశా పేరిట ముందే ఉన్నాయి. అతను సంక్రాంతికి ముందు బయల్దేరి వానలు పడేదాకా అనకాపల్లి జిల్లా బట్టీ దగ్గర గుడిసెలో ఉన్నా, ఆ 5 కిలోలు పుట్టలేదు, చావలేదు. ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి తీసుకుంటే అది అతని పద్దులో పడుతుంది, డిపోకు ఆ మేరకు సరుకు సర్దుబాటు అవుతుంది. ఇక్కడి కార్డుదారు సంచిలోంచి గింజ తగ్గదు. 'ఉన్నది ఇంతే, వాడికిస్తే నాకు తగ్గుతుంది' అన్న వాదన అన్నిటికంటే గట్టిగా వినిపించేది రేషన్ డిపో దగ్గర. అది అన్నిటికంటే తక్కువ నిలిచేదీ అక్కడే.

ఈ సర్దుబాటుకు పెట్టిన పేరు 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు'. దేశంలో అది మొట్టమొదట 2019 ఆగస్టులో రెండు జంటల మధ్య మొదలైంది. ఒక జంట గుజరాత్, మహారాష్ట్ర. రెండోది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఐదేళ్ల ముందు స్థానికత పేరిట కత్తులు దూసుకున్న రెండు రాష్ట్రాలు ఒకదాని కార్డును ఒకటి గౌరవించడంలో దేశానికి దారి చూపడం విచిత్రమే. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో అన్ని రాష్ట్రాలూ అందులోకి వచ్చాయి.

అయితే కాగితం మీద దొరికినది డిపో దగ్గర దొరకదు. ఇల్లు రెండు చోట్ల చీలి ఉంటుంది. భర్త బట్టీ దగ్గర, ముసలివాళ్లు ఊళ్లో. ఎవరి వాటా ఎవరు తీసుకోవచ్చో ఇద్దరికీ తెలియదు. కొత్త ముఖం కనిపిస్తే స్టాకు లేదనడం డీలరుకు తేలిక. ఇటుకలు మోసిన వేళ్ల మీద రేఖలు అరిగిపోతాయి, యంత్రం వేలిముద్ర ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి 2025 మే వరకు 9,260 వాహనాలు బియ్యాన్ని వీధుల్లోకి తెచ్చి పంచాయి. ఆ బండి ఏ రోజు ఏ వీధికి వస్తుందో వీధివాళ్లకు తెలిసేది, ఊరవతల బట్టీలో ఉన్నవాడికి తెలిసేది కాదు. 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోలే వచ్చాయి. మరో చిక్కు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన సొంత ఖర్చుతో ఇచ్చే బియ్యం కార్డులకు రాష్ట్రం దాటితే చెల్లుబాటు లేదు. మాడుగుల నుంచి బెంగళూరు వెళ్లినవాడి కార్డు ఏ రకందో అక్కడి డిపోకు వెళ్లేదాకా అతనికే తెలియదు.

రెండు చోట్లా తింటున్నారన్న ఆరోపణలో ఒకప్పుడు కొంత నిజం ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో బోగస్ కార్డుల బెడద అందరూ ఎరిగినదే, రెండు ఊళ్లలో ఓటున్నవారు ఇప్పటికీ ఉన్నారు. కాని ఊరు విడిచినవారి పేరిట సరుకు ఎత్తినవారు వలసదారులు కారు, ఊళ్లో ఉన్నవారు. కార్డులో ప్రతి పేరుకూ ఆధార్ ముడిపడి, ప్రతి నెలా వేలిముద్ర అడిగే రోజుల్లో ఒకే మనిషి ఒకే నెలలో రెండు డిపోల్లో తీసుకోవడం కుదరదు. ఇవాళ్టి జబ్బు రెండు కార్డులు కాదు, అసలు కార్డు లేకపోవడం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ జాబితాను రేషన్ జాబితాతో సరిపోల్చి చూసినప్పుడు, నమోదైన 28 కోట్ల పైచిలుకు కార్మికుల్లో దాదాపు 8 కోట్లమందికి కార్డే లేదని సుప్రీంకోర్టు ముందు తేలింది. వారికి కార్డులివ్వమని కోర్టు 2023లో ఆదేశించి, ఆ తరువాత పదేపదే గుర్తుచేయవలసి వచ్చింది. ఎక్కువ తింటున్నాడని లోకం అనుకుంటున్న మనిషి జాబితాలోనే లేడు.

2020 లాక్‌డౌన్ ఈ సంగతిని అందరి కళ్లముందూ పెట్టింది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద అనకాపల్లి మీదుగా ఒడిశా, బెంగాల్, బిహార్ వైపు కూలీలు రోజుల తరబడి నడిచారు. అదే వేళ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల్లోనే చిక్కుకుపోయి, బస్సుల్లో తెచ్చేదాకా తిండికి ఇబ్బంది పడ్డారు. ఇక్కడ నడిచిపోతున్నవాడూ అక్కడ పడవలో కూర్చున్నవాడూ ఒకే స్థితిలో ఉన్నారు. ఉన్న చోట కార్డు లేదు, కార్డున్న చోట తాను లేడు. కార్డులేని 8 కోట్లమంది వలసదారులకని కేంద్రం ఆ మే, జూన్ నెలలకు 8 లక్షల టన్నుల ధాన్యం కేటాయించింది. జూన్ నెలాఖరుకు పంచగలిగింది అందులో 13 శాతం. ఉచితంగా ఇస్తామని పిలిచినా అందుకోలేని మనిషిని పథకాలు మింగేవాడని అనడానికి చాలా ధైర్యం కావాలి.

పథకాలు అయస్కాంతంలా జనాన్ని లాగుతాయన్నది అన్నిటికంటే పాత వాదన. దాన్ని పరీక్షించడానికి పరిశోధన అక్కర్లేదు, రెండు పింఛన్లు పక్కపక్కన పెడితే చాలు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. బిహార్‌లో 2025 మధ్య వరకు అది 400. పదింతల తేడా. అయస్కాంతం నిజమైతే ఆ ఏడాది పాటు పాట్నా రైళ్లు దిగిన ముసలివాళ్లతో అనకాపల్లి జిల్లా సచివాలయాలు కిక్కిరిసి ఉండాలి. దిగినవారంతా ఇరవై, ముప్ఫై ఏళ్ల కుర్రాళ్లు. వాళ్లు ఫ్యాక్టరీలున్న పరవాడ వైపు, అచ్యుతాపురం వైపు వెళ్లారు, సచివాలయం వైపు కాదు. వలస వెళ్లేది ఒళ్లు వంగే వయసులో, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు. పింఛను, వైద్యం, అంగన్‌వాడీ లాంటి సంక్షేమంలో పెద్ద ఖర్చంతా ముసలితనానికి, జబ్బుకు, పసితనానికి. ఆ మూడింటినీ వలసదారు చాలా వరకు ఇంటి దగ్గరే విడిచి వస్తాడు. అతన్ని పెంచిన ఖర్చు బిహార్‌ది, అతని చాకిరీ అనకాపల్లిది, ఒళ్లు ఉడిగాక అతన్ని సాకే భారం మళ్లీ బిహార్‌ది.

జనాన్ని లాగేది కూలి. రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2021-22లో గ్రామీణ నిర్మాణ కూలీకి కేరళలో రోజుకు 837 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 266. కూలీలు కేరళకు పోవడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు. ఆ కేరళ 2017లో బయటి రాష్ట్రాల కార్మికులకు 'ఆవాజ్' అనే ఆరోగ్య, ప్రమాద బీమా పెట్టింది. వారిని అతిథి కార్మికులని పిలవడం అక్కడ వాడుక అయింది. పేరు మార్చినంత మాత్రాన గుడిసె మేడ కాదు. అయినా ప్రభుత్వమే నోరు జాగ్రత్తగా వాడిన చోట వీధిలో మాట కూడా కొంత మెత్తబడుతుంది.

పన్నుల వాదన మరీ పలుచన. ఆదాయపు పన్ను కట్టని స్థానికులు కోట్లలో ఉన్నారు కనుక 'మేం పన్ను కడుతున్నాం' అన్నప్పుడు అనేవారి మనసులో ఉన్నది దుకాణంలో కట్టే పన్నే. 2017లో వచ్చిన జీఎస్టీ సరుకు వాడిన చోటికి చేరే పన్ను. హైదరాబాదు మియాపూర్‌లో మాడుగుల కూలీ కొన్న సబ్బులో, చెప్పుల జతలో, సెల్‌ఫోను రీచార్జిలో రాష్ట్రం వాటా తెలంగాణ ఖజానాకు పోతుంది, ఆంధ్రప్రదేశ్‌కు కాదు. అనకాపల్లిలో ఒడియా కూలీ కట్టింది ఆంధ్ర ఖజానాకు చేరుతుంది. అతను పన్ను కట్టే రాష్ట్రం ఒకటి, అతని పేరు అర్హుల జాబితాలో ఉన్న రాష్ట్రం మరొకటి. ఇక నిర్మాణ కార్మికుల సెస్సు సంగతి. 1996 నాటి చట్టాలతో మొదలైన ఏర్పాటులో కట్టడం ఖర్చులో ఒక శాతం ఈ కార్మికుల సంక్షేమానికే వసూలవుతుంది. ఆ నిధి నుంచి సాయం కావాలంటే అంతకుముందు పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపి పేరు నమోదు చేయించుకోవాలి. మేస్త్రి మారినప్పుడల్లా సైటు మారేవాడికి ఆ రుజువు ఎవరు రాసిస్తారు? మేడ లేపినవాడి చెమట మీద పోగైన డబ్బు బోర్డు ఖాతాలో ఉంటుంది, అతను తరువాతి ఊళ్లో ఉంటాడు. ఈఎస్ఐ కోత కూడా అంతే. జీతంలోంచి 0.75 శాతం నెలనెలా పోతుంది, భార్యాపిల్లలు మాత్రం ఈఎస్ఐ ఆసుపత్రి దరిదాపుల్లో లేని కొండ కింది ఊళ్లో ఉంటారు.

సొంతూళ్లో అతని వాటా భద్రంగా ఉంటుందా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలన్నీ ఇంటింటి మ్యాపింగ్ మీద నడుస్తాయి. పేరు ఏ సచివాలయం పరిధిలో ఉందో అక్కడే హక్కు. పింఛను ఇంటి గుమ్మంలో ఇస్తారు, కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటున్న ముసలమ్మ ఆ గుమ్మంలో కనిపించాలి. ఇక ఈకేవైసీకి మనిషి రావాలి, రాకపోతే పేరు పక్కన ఎర్ర గీత. ఒక రోజు కూలి, రెండు రాత్రుల ప్రయాణం, రానూపోనూ టిక్కెట్టు కలిపితే ఆ నెల బియ్యం విలువను దాటిపోతాయి. అలా చాలామంది మానుకుంటారు. మానుకున్నవారి పేరే కొన్నాళ్లకు 'అర్హత లేనివారు' అన్న అంకెగా పత్రికల్లో కనిపిస్తుంది.

వలసదారుకు ఎక్కువ దక్కుతోందన్న వాదన మాడుగుల మనిషికి ఎదురుతిరిగిన సందర్భం 2014 నాటిది. తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 19న ఒకే రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. అంతకుముందే 1956 నవంబరు 1 నాటికి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే ఫీజు సాయం అని 'ఫాస్ట్' పథకం ప్రకటించింది. యాభై ఎనిమిదేళ్ల నాటి నివాస రుజువు చూపగల కూలీ కుటుంబం దేశంలో ఎక్కడైనా ఉంటుందా అన్నది అలా ఉంచితే, ఆ పథకం హైకోర్టు ఆక్షేపణ తరువాత 2015లో వెనక్కి పోయింది. పోనిది మరొకటి ఉంది. అదే 2014లో ఆ రాష్ట్రం తన వెనుకబడిన తరగతుల జాబితాను ఖరారు చేస్తూ 26 కులాలను వదిలేసింది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, గవర, కాళింగ వాటిలో ఉన్నాయి. ఈ నాలుగూ ఉత్తరాంధ్ర కులాలు. మాడుగుల, అనకాపల్లి ప్రాంతంలో వాటి జనాభా ఎంతో చెప్పనక్కర్లేదు. కూకట్‌పల్లిలో పుట్టి అక్కడే బడికి వెళ్లిన వాచ్‌మన్ కూతురు తండ్రి ఊళ్లో బీసీ, తాను పుట్టిన ఊళ్లో ఓసీ. ఆంధ్రలో స్థానికురాలు కాదు గనుక అక్కడి సీటుకు దూరం, తెలంగాణలో బీసీ కాదు గనుక ఇక్కడి రిజర్వేషన్‌కు దూరం.

ఈ తొలగింపును సమర్థించేవారి దగ్గర బలమైన వాదనే ఉంది. వెనుకబాటుతనం నేలను బట్టి ఉంటుంది, ఒక రాష్ట్రంలో అణగిన కులం మరో రాష్ట్రంలో అణగినది కాకపోవచ్చు. సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో ఈ మాటే అన్నది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన ఆ తెలుగు గిరిజన విద్యార్థికి మహారాష్ట్రలో గిరిజన కోటాలో వైద్యవిద్య సీటు దక్కదన్నది. న్యాయశాస్త్రంగా అది చెల్లుతుంది. సామాజికంగా అందులో ఒక లోపం ఉంది. కులం రాష్ట్ర సరిహద్దు దగ్గర రైలు దిగిపోదు. ఇటుక మోసే తండ్రి కూతురు మియాపూర్ వచ్చినందువల్ల ముందుబడిన కులంలో చేరిపోలేదు.

తెలంగాణ గోడులో సత్యం ఉంది, దాన్ని దాటవేయడం ఈ వ్యాసానికి తగదు. ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనల ఉల్లంఘన నిజం. 1985 డిసెంబరులో 610 జీవో ఇవ్వవలసి రావడమే స్థానికుల ఉద్యోగాలు బయటివారికి పోయాయనడానికి సాక్ష్యం. కాని ఆ ఉద్యోగాలు పట్టుకుపోయినవారు సెంట్రింగ్ కూలీలు కారు. సిఫారసు ఉన్నవారు, చదువున్నవారు, సచివాలయం మెట్లు ఎక్కడం తెలిసినవారు వాటిని దక్కించుకున్నారు. ఉద్యోగాల వాటా తగువులో పుట్టిన కోపం బియ్యం, బడి, ఫీజు దగ్గర తీర్చుకుంటే దెబ్బ తగిలేది అసలు ముద్దాయికి కాదు.

ఇదే కలగలుపు అడవిలో మరింత కటువుగా కనిపిస్తుంది. 2005లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం దళాల పోరు మొదలయ్యాక అక్కడి గుత్తికోయలు వేల సంఖ్యలో ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి అడవుల్లోకి వచ్చారు. ఇక్కడి కోయలు, కొండరెడ్లు సంపన్నులు కారు. వారి భయం పట్నం మధ్యతరగతి గొణుగుడు లాంటిది కాదు, అది భూమి గురించిన భయం. అటవీ హక్కుల చట్టం గిరిజనుల సాగుకు 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది. ఆ తరువాత వచ్చినవారికి పోడు పట్టా రాదు. ఆ ప్రశ్నకు చట్టంలో జవాబుంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర అటవీ రేంజి అధికారి హత్యకు గురైనప్పుడు మాత్రం గుత్తికోయలను మొత్తం వెళ్లగొట్టాలన్న కేక లేచింది. పట్టా ఇవ్వకపోవడం వేరు. పసిపిల్లకు టీకా, గర్భిణికి అంగన్‌వాడీ గుడ్డు ఇవ్వకపోవడం వేరు. మొదటిది భూమి పంపకం, రెండోది ప్రాణం నిలపడం.

మాడుగుల పైనున్న కొండ గూడేలది ఇంకో రకం అన్యాయం. మాడుగుల, చీడికాడ, రావికమతం, రోలుగుంట మండలాల్లో ఆదివాసీ ఊళ్లున్నా అవి ఐదో షెడ్యూలు గీతకు బయట పడ్డాయి. కొండ మీద ఒక గూడెం షెడ్యూల్డ్, దాని కింది గూడెం కాదు. పైనుంచి దిగువకు దిగి స్థిరపడినవాడు ఒక్క నడకలో భూమి రక్షణ చట్టాలు పోగొట్టుకుంటాడు. ఇతను వలసదారు అన్న పేరు కూడా లేని వలసదారు.

వలసదారుకు ఏమీ అందకపోతే లాభం ఎవరిదన్న ప్రశ్న ఈ చర్చలో దాదాపు వినిపించదు. స్థానిక కూలీకి మాత్రం కాదు. రేషన్ లేనివాడు బియ్యం బజారు ధరకు కొనాలి, అందుకు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి, అడ్వాన్సు తీరేదాకా చెప్పిన కూలికి పనిచేయాలి. ఆ కూలి స్థానికుడి కూలిని కిందికి లాగుతుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం నెల వేతనంలో సగాన్ని స్థానభ్రంశ భత్యంగా, దానిపైన ప్రయాణ ఖర్చునూ ఇవ్వాలన్నది. దాన్ని ఏ బట్టీలో ఎవరు అందుకున్నారో వెతకవలసిందే. వలసదారు ఎంత నిరాధారంగా ఉంటే యజమానికి అంత చవక, ఇక్కడివాడికి అంత పోటీ.

ఉత్తరాంధ్ర చరిత్రలో దీనికి నెత్తుటి గుర్తు ఉంది. రంగూన్ రేవులో సరుకు ఎత్తినవారు ఎక్కువగా విశాఖ, గంజాం, గోదావరి తీరాల తెలుగువారు. బర్మావాళ్లు వారిని కోరంగీలు అనేవారు. 1930 మేలో వారు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టాయి, సమ్మె తీరగానే ఆ బర్మీయులను తీసేశాయి. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తెలుగువారు. కూలీలిద్దరూ ఒకరినొకరు పరాయివాడన్నారు, కంపెనీల పేరు ఎవరి నోటా రాలేదు. 1962లో బర్మా సైనిక పాలనలోకి వెళ్లి, దుకాణాలు జాతీయం చేశాక తిరిగి వచ్చినవారికి భారత ప్రభుత్వం నివాసం, అప్పులు, ఉపాధి ఏర్పాటు చేసింది. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. స్థానికుల సొమ్ము తరతరాలుగా ఊళ్లో లేనివారికి పోతోందని అప్పుడు కూడా అనగలిగేవారు. ఇవాళ ఆ క్యాంపు వారు విశాఖవాసులు కారని ఎవరైనా అంటే నవ్వుతారు.

దేశం దాటిన వలస వేరు కదా అన్న ఆక్షేపణ సబబైనదే. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు పౌరుడికి రాజ్యాంగం 19వ అధికరణలో ఇచ్చింది, విదేశీకి అది లేదు. అయినా లెక్క మాత్రం అక్కడా ఇలాగే తేలుతుంది. అమెరికాలో హెచ్-1బీ మీద పనిచేసే తెలుగు ఇంజనీరు జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి పోతుంది, యజమానీ అంతే కడతాడు. పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే పదేళ్ల పని కావాలి. ఈ విషయంలో భారత్‌తో అమెరికాకు ఒప్పందం లేదు. తొమ్మిదో ఏట తిరిగొచ్చినవాడు కట్టినదంతా అక్కడి వృద్ధుల పింఛనుకు చందా. 1996లో వచ్చిన అమెరికా చట్టం చట్టబద్ధంగా వచ్చిన వలసదారులను కూడా చాలా పథకాలకు ఐదేళ్లు దూరం పెట్టింది. బ్రిటన్‌లో పని వీసా మీద ఉన్నవారు చాలావరకు పన్నులు కట్టడమే కాక వైద్యం కోసం ఏడాదికి 1,035 పౌండ్లు ముందుగా చెల్లించాలి, ప్రభుత్వ భృతి మాత్రం అడగకూడదు. వలసదారులు ఖజానాకు భారమని అమెరికాలో ఎవరైనా అంటే తెలుగు పత్రికలు తప్పుపడతాయి. అది సరైన పనే. ఆ న్యాయం అనకాపల్లి బట్టీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోకూడదు.

జనాభిప్రాయం రాయి కాదు. ఐరోపా దేశాల్లో ఎవరు సాయానికి తగినవారన్న ప్రశ్న మీద డచ్ సమాజశాస్త్రజ్ఞుడు విమ్ వాన్ ఊర్షాట్ చేసిన అధ్యయనంలో ఒకే వరుస తేలింది. ముందు వృద్ధులు, తరువాత రోగులూ వికలాంగులూ, ఆ తరువాత నిరుద్యోగులు, అందరికంటే చివర వలసదారులు. కాని 2008లో జరిగిన ఐరోపా సామాజిక సర్వేలో వలసదారుకు సమాన హక్కులు ఎప్పుడివ్వాలని అడిగితే ఎక్కువమంది ఎంచుకున్నది 'ఎప్పటికీ వద్దు' అన్న జవాబు కాదు. కనీసం ఏడాది పనిచేసి పన్ను కట్టాక ఇవ్వవచ్చన్నారు. జనం అడిగేది పాలుపంచుకోవడం. ఆ గీటురాయి మీద చూస్తే వలసదారు ఎప్పుడో నెగ్గాడు. అతను పాలుపంచుకుంటున్నాడని ఎవరికీ కనిపించకపోవడం దగ్గరే తేడా వస్తోంది.

అందువల్ల పథకాలన్నిటినీ ఒకే సంచిలో వేసి ఇవ్వాలా వద్దా అనడం పొరపాటు. తిండి, టీకా, కాన్పు, ప్రాణాపాయంలో వైద్యం, బడి, ఇవి మనిషి ఎక్కడుంటే అక్కడ మొదటి రోజు నుంచి దక్కవలసినవి. వీటికి నివాస రుజువు అడగడం ఆకలికి ధ్రువపత్రం అడగడం లాంటిది. సెస్సు, ఈఎస్ఐ, భవిష్యనిధి లాంటివి అతను కట్టినవి లేదా అతని పేరిట వసూలైనవి. అవి ఎవరి దయా కావు, ఖాతా అతని వెంట నడవాలి. ఇళ్ల స్థలాలు, భూమి, రాష్ట్రం సొంత నిధులతో ఇచ్చే నగదు పథకాలు, వీటికి కొన్నేళ్ల నివాసం షరతు పెట్టడంలో తప్పు లేదు. ఆ షరతు అందుకోదగినదిగా ఉండాలి. ఏళ్లు లెక్కపెట్టి చేరుకోగలిగితే అది షరతు, 1956 లాంటి తేదీ అయితే అది గోడ.

ఇంతా చేసి రేషన్ కోటాలు ఇంకా 2011 జనాభా మీదే నడుస్తున్నాయి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, కొత్త లెక్కకు ఆధార తేదీగా 2027 మార్చి 1ని ప్రకటించారు. ఆ అంకెలు వచ్చి కోటాలు మారేదాకా, 2012లో మాడుగుల విడిచి గాజువాకలో స్థిరపడిన మనిషి ప్రభుత్వ లెక్కలో మాడుగులలోనే ఉంటాడు. 2013లో వచ్చిన ఒడియా కూలీ నువాపడాలోనే ఉంటాడు. ఆ తరువాత వలస ఊళ్లలో పుట్టిన పిల్లలు ఏ ఊరి లెక్కలోనూ లేరు.